డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాయడం కొత్తగా మొదలుపెట్టిన విద్యార్థులు, తెలిసినవారి దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతున్న యువకులు రాసినవే. వాటిలో సమాధానం చెప్పడానికి వీలైన ఉత్తరాలన్నింటిలోనూ ఎర్రర్ మెసేజ్‌ను ఉన్నది ఉన్నట్టుగా రాశారు, ఏ బటన్ నొక్కితే ఏమైందో చెప్పారు. "ప్రోగ్రాం పనిచేయడం లేదు, ఏం చేయాలి?" అని మాత్రమే రాసినవారు దయచేసి ఆ వివరాలతో మళ్లీ రాయవలసిందిగా కోరుతున్నాం. తప్పు ఎక్కడుందో తెలియకముందే కోడ్ మార్చడం మొదలుపెడితే ఉన్న తప్పుకు ఇంకొకటి తోడవుతుంది కనుక, ఈ సమాధానాల్లో సవరణ కంటే నిర్ధారణకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: పైథాన్‌లో టీకింటర్‌తో (విండోలు, బటన్లు తయారు చేసే లైబ్రరీ) మార్కుల జాబితా ప్రోగ్రాం రాస్తున్నాను. పేరు టైప్ చేసి సేవ్ బటన్ నొక్కగానే "ఆట్రిబ్యూట్ ఎర్రర్: నన్‌టైప్ ఆబ్జెక్ట్ హ్యాజ్ నో ఆట్రిబ్యూట్ గెట్" అని వస్తోంది. ఎంట్రీ బాక్సుకు గెట్ అనే మెథడ్ ఉందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. మరి లేదని ఎందుకు అంటోంది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

సమాధానం: మెసేజ్‌ను మరొక్కసారి నిదానంగా చదవండి. ఎంట్రీ బాక్సుకు గెట్ లేదని అది అనడం లేదు. నన్‌టైప్‌కు గెట్ లేదని అంటోంది. అంటే మీరు ఎంట్రీ బాక్సు ఉందనుకుంటున్న వేరియబుల్‌లో నిజానికి ఏమీ లేదు, నన్ ఉంది. ఇప్పుడు వెతకవలసింది గెట్ రాసిన వరుసను కాదు, ఆ వేరియబుల్‌కు విలువ ఇచ్చిన వరుసను.

మీరు పంపిన కోడ్‌లో ఆ వరుస చూశాం. ఎంట్రీని తయారు చేసి, అదే వరుస చివర చుక్క పెట్టి ప్యాక్ కూడా తగిలించి, వచ్చిన ఫలితాన్ని పేరు అనే వేరియబుల్‌లో పెట్టుకున్నారు. ప్యాక్ చేసే పని బాక్సును తెర మీద అమర్చడం. అది తిరిగి ఇచ్చేది మాత్రం నన్. బాక్సు తెర మీద చక్కగా కనిపిస్తుంది, అందులో టైప్ చేయవచ్చు, కానీ దాన్ని పట్టుకునే పేరు మీ దగ్గర ఉండదు. ఒకే వరుసను రెండుగా విడదీయండి: మొదటి వరుసలో ఎంట్రీని తయారు చేసి వేరియబుల్‌లో పెట్టుకోండి, రెండో వరుసలో ఆ వేరియబుల్ మీద ప్యాక్‌ను పిలవండి. గ్రిడ్, ప్లేస్ వాడినా ఇదే సంగతి.

ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ ఇచ్చే వివరాల జాబితాను, అంటే ట్రేస్‌బ్యాక్‌ను, కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకోండి. అట్టడుగు వరుస ఏం జరిగిందో చెబుతుంది, దాని పైన ఉన్నవి ఏ ఫైల్లో ఏ వరుసలో జరిగిందో చెబుతాయి. పెద్ద ట్రేస్‌బ్యాక్‌లో టీకింటర్ సొంత ఫైళ్ల పేర్లు కూడా కనిపిస్తాయి. వాటి జోలికి పోకుండా మీరు రాసిన ఫైల్ పేరు చివరిసారి ఎక్కడ వచ్చిందో చూస్తే చాలు. సీ షార్ప్‌లో "ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్ టు యాన్ ఇన్‌స్టెన్స్ ఆఫ్ యాన్ ఆబ్జెక్ట్" అని వచ్చేది కూడా ఈ కుటుంబానికి చెందిన తప్పే, దాన్నీ ఇదే పద్ధతిలో పట్టుకోవచ్చు. ఏ ఆబ్జెక్ట్‌నూ చూపించని ఈ నల్ రిఫరెన్స్ అనేదాన్ని 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం ప్రవేశపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పిదంగా చెప్పుకున్నారు. కాబట్టి ఇది మీకొక్కరికే ఎదురవుతున్న ఇబ్బంది అని బాధపడకండి.

ప్రశ్న: సీ షార్ప్ విండోస్ ఫారమ్స్‌లో ఒక ప్రోగ్రాం రాశాను. ఎక్సెల్ ఫైల్లోని కొన్ని వేల వరుసలను చదివి డేటాబేస్‌లోకి ఎక్కించడం దాని పని. బటన్ నొక్కిన కొద్ది సేపటికి విండో తెల్లబోయి, పైన "నాట్ రెస్పాండింగ్" అని వస్తోంది. మిత్రుడి సలహాతో లూప్ లోపల అప్లికేషన్ డాట్ డూఈవెంట్స్ అని రాశాను. విండో బిగుసుకుపోవడం ఆగింది కానీ, అప్పుడప్పుడు అవే వరుసలు రెండేసి సార్లు చేరుతున్నాయి.
– హనుమకొండ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఇక్కడ రెండు సమస్యలున్నాయి, రెండోది మొదటిదాని సవరణ నుంచి పుట్టింది.

మీ ఫారంను నడిపేది ఒకే ఒక్క థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా పనులు జరిపే ధార). మౌస్ నొక్కడం, కీ నొక్కడం, విండోను తిరిగి గీయడం, అన్నీ సందేశాలుగా మారి ఒక వరుసలో చేరుతాయి, ఆ థ్రెడ్ వాటిని ఒక్కొక్కటిగా తీసి పని జరిపిస్తుంది. ఒకే గుమాస్తా ఉన్న కౌంటర్‌లో ఆయన లెక్కల పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోతే బయట క్యూ ఎలా ఆగిపోతుందో, మీ క్లిక్ ఈవెంట్‌లో వేల వరుసల లూప్ మొదలైతే మిగిలిన సందేశాలన్నీ అలాగే ఆగిపోతాయి. ఒక విండో 5 సెకన్ల పాటు తన సందేశాలను పట్టించుకోకపోతే విండోస్ దాన్ని స్పందించని విండోగా లెక్కగట్టి, దాని స్థానంలో నకలు విండో ఒకటి చూపిస్తుంది. మీకు కనిపించిన తెల్లటి తెర అదే. ప్రోగ్రాం చచ్చిపోలేదు, లోపల పని సాగుతూనే ఉంది. కంగారుపడి టాస్క్ మేనేజర్‌లో దాన్ని ముగించేస్తే సగం వరుసలు మాత్రమే చేరి ఉంటాయి.

డూఈవెంట్స్ చేసేది లూప్ మధ్యలో ఆగి, వరుసలో ఉన్న సందేశాలన్నింటినీ అప్పటికప్పుడు జరిపించడం. ఆ సందేశాల్లో మీ బటన్ మీద పడిన రెండో నొక్కు కూడా ఉండవచ్చు. అప్పుడు మొదటి లూప్ పూర్తి కాకుండానే దాని కడుపులోంచే అదే లూప్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, వరుసలు రెండేసి సార్లు చేరేది అందుకే. ఈ పిలుపును మీ కోడ్‌లోంచి పూర్తిగా తీసేయమని గట్టిగా చెబుతున్నాం.

సరైన దారి, బరువైన పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించడం. 2012లో వచ్చిన సీ షార్ప్ 5 నుంచి అసింక్, అవెయిట్ అనే మాటలు ఉన్నాయి కనుక ఇది కష్టమేమీ కాదు. క్లిక్ ఈవెంట్‌ను అసింక్‌గా ప్రకటించండి, మొదటి వరుసలోనే బటన్‌ను డిజేబుల్ చేయండి, ఫైల్ పేరు వంటి వివరాలను టెక్స్ట్ బాక్సుల నుంచి ముందే వేరియబుల్స్‌లోకి తీసుకోండి, ఆపైన లూప్ మొత్తాన్ని టాస్క్ డాట్ రన్ లోపల పెట్టి దాని ముందు అవెయిట్ రాయండి. బటన్‌ను తిరిగి ఎనేబుల్ చేసే వరుస ఫైనల్లీ బ్లాకులో ఉండాలి. లేకపోతే మధ్యలో ఎర్రర్ వచ్చిన రోజున బటన్ శాశ్వతంగా మూసుకుపోతుంది.

ఇక్కడ చాలామంది మరొక గోడకు తగులుతారు. టాస్క్ లోపలి నుంచి లేబుల్‌లో "ఇన్ని వరుసలు పూర్తయ్యాయి" అని చూపించబోతే "క్రాస్ థ్రెడ్ ఆపరేషన్ నాట్ వ్యాలిడ్" అనే ఎర్రర్ వస్తుంది. ఒక కంట్రోల్‌ను తయారు చేసిన థ్రెడ్ తప్ప మరొకటి దాన్ని ముట్టుకోకూడదన్నది నియమం. ఆ తనిఖీని ఆపేసే సెట్టింగ్ ఒకటి ఉందని ఎవరైనా చెబితే వినవద్దు. దానితో మెసేజ్ పోతుంది, ప్రమాదం అలాగే ఉంటుంది. ఫారం వైపు ఒక ప్రోగ్రెస్ ఆబ్జెక్ట్‌ను తయారు చేసి, టాస్క్ లోపలి నుంచి దానికి రిపోర్ట్ పంపితే, లేబుల్‌ను మార్చే పని ఫారం థ్రెడ్ మీదే జరుగుతుంది. పైథాన్ టీకింటర్‌లో ఇదే పనికి క్యూను, ఆఫ్టర్ అనే మెథడ్‌ను కలిపి వాడతారు.

ఇంకొక మాట. ప్రతి వరుసను విడివిడిగా కమిట్ చేస్తే (శాశ్వతంగా నమోదు చేస్తే) ప్రతిసారీ డేటాబేస్ డిస్కు మీద రాసి ముగించవలసి వస్తుంది. మొత్తం పనిని ఒక ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరిగితేనే నిలిచే పనుల కట్టలో) పెట్టండి. పట్టే సమయం బాగా తగ్గుతుంది, మధ్యలో ఆగిపోయినా సగం డేటా మిగలదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే బల్క్ కాపీ ఇంకా మేలు.

ప్రశ్న: మా పాఠశాల కోసం విద్యార్థుల రిజిస్టర్ ప్రోగ్రాం రాస్తున్నాను. తెలుగులో టైప్ చేసిన పేర్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుల్‌లో ప్రశ్నార్థకాలుగా చేరుతున్నాయి. సీఎస్‌వీ ఫైల్‌గా తీసి ఎక్సెల్‌లో తెరిస్తే ఏవో విదేశీ అక్షరాలు వస్తున్నాయి. పాత కంప్యూటర్ మీద డబ్బాలు కనిపిస్తున్నాయి. తెలుగుతో ఇంత ఇబ్బంది ఎందుకు?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మీ ఉత్తరం మాకు ఎంతో ఉపయోగపడింది, ఎందుకంటే తెలుగు చెడిపోయే మూడు తీరులనూ మీరు ఒకేచోట చూశారు. ఈ మూడింటినీ ఒకే జబ్బుగా భావించి ఫాంట్లు మార్చుకుంటూ పోయేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అవి మూడు వేర్వేరు తప్పులు, కంటికి కనిపించే రూపాన్ని బట్టే ఏది ఏదో చెప్పవచ్చు.

డబ్బాలు కనిపిస్తే డేటా భద్రంగా ఉంది, ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ మాత్రమే లేదు లేదా మీ కంట్రోల్‌కు తెలుగు లేని ఫాంట్ పెట్టారు. విండోస్ ఎక్స్‌పీ నుంచి గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ అందుబాటులో ఉన్నాయి. కంట్రోల్ ఫాంట్‌ను వాటిలో ఒకదానికి మార్చి చూడండి.

ఎక్సెల్‌లో వచ్చిన విదేశీ అక్షరాలను కొంచెం దగ్గరగా చూడండి. నెత్తిన చిన్న గీత ఉన్న ఆంగ్ల ఏ అక్షరం, దాని పక్కనే ఉష్ణోగ్రతకు వాడే డిగ్రీ సున్నా లేదా ప్లస్ మైనస్ గుర్తు, ఆ తర్వాత ఇంకేదో, ఈ మూడింటి గుంపు పదే పదే వస్తూ ఉంటుంది. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి, తెలుగుకు యూనికోడ్‌లో కేటాయించిన 128 స్థానాలూ ఒకే చోట ఉన్నందువల్ల మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండో బైటు రెండింటిలో ఒకటి. ఆ మూడు బైట్లను ఒకే అక్షరంగా కాక మూడు పాశ్చాత్య అక్షరాలుగా చదివితే కనిపించేది ఈ గుంపే. కాబట్టి ఇక్కడ కూడా డేటా పోలేదు, చదివే పద్ధతి తప్పింది. పైథాన్‌లో ఫైల్‌ను తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని రాయండి; ఫైల్ మొదట్లో చేరే ఆ చిన్న గుర్తును చూసి ఎక్సెల్ సరిగా చదువుకుంటుంది. ఎన్‌కోడింగ్ ఏమీ రాయకపోతే విండోస్ మీద పైథాన్ చాలాకాలంగా కంప్యూటర్ స్థానిక కోడ్ పేజీనే (ఆ కంప్యూటర్‌కు ఎంచుకున్న అక్షరాల పట్టికనే) వాడుతూ వచ్చింది, "చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ ఎన్‌కోడ్" అనే ఎర్రర్‌కు మూలం అదే.

ప్రశ్నార్థకాలు మాత్రం నిజమైన నష్టం. టేబుల్‌లో పేరు కాలమ్ వార్‌చార్‌గా (ఒక కోడ్ పేజీలోని అక్షరాలనే దాచే టైపుగా) ఉంటే, దాని కోడ్ పేజీలో తెలుగుకు చోటు లేక, ప్రతి సంకేతం స్థానంలో అసలైన ప్రశ్నార్థకమే నిల్వ అవుతుంది. ఏ ఫాంట్ పెట్టినా, ఏ టూల్ వాడినా ఆ పేర్లు తిరిగి రావు. మళ్లీ టైప్ చేయవలసిందే. కాలమ్‌ను యూనికోడ్ దాచే ఎన్‌వార్‌చార్‌కు మార్చండి. అంతటితో సరిపోదు. ఇన్సర్ట్ వాక్యంలో కొటేషన్ల మధ్య తెలుగు మాటను నేరుగా రాస్తే దాని ముందు పెద్ద ఎన్ అక్షరం ఉండాలి, లేకపోతే కాలమ్‌ను చేరకముందే అది ప్రశ్నార్థకం అయిపోతుంది. అసలు వాక్యాన్ని ముక్కలు కలిపి కట్టడం మానేసి పారామీటర్లు వాడితే ఈ బాధ ఉండదు, పేరులో అపాస్ట్రఫీ ఉన్నప్పుడు వాక్యం విరిగిపోవడమూ ఉండదు.

కాలమ్ పొడవు పెట్టేటప్పుడు ఉదారంగా ఉండండి. "శ్రీనివాస్" అన్న పేరు మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు అది శ, పొల్లు, ర, దీర్ఘ ఈ గుణింతం, ఇలా విడివిడిగా 10 సంకేతాలు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. పేరుకు 20 సంకేతాలే కేటాయించి, ఇంటిపేరు కూడా అందులోనే ఇరికిస్తే ఎక్కడో ఒకచోట పట్టదు. అలాగే పేరును మొదటి పది సంకేతాలకు కత్తిరించి గుర్తింపు కార్డు మీద ముద్రించవద్దు. కోత గుణింతం మధ్యలో పడితే పిల్లల పేర్లు వికృతమవుతాయి. అవి వాళ్ల పేర్లు, మన సౌకర్యం కోసం విరగ్గొట్టకూడదు.

మీ దగ్గర పాత జాబితాలు అను వంటి డీటీపీ ఫాంట్లలో ఉంటే, అవి యూనికోడ్ తెలుగు కాదని గమనించండి. ముందు యూనికోడ్‌కు మార్చుకుని, కనీసం కొన్ని పేజీలు కళ్లతో సరిచూసుకున్న తర్వాతే డేటాబేస్‌లోకి ఎక్కించండి.

ప్రశ్న: ఎరువుల దుకాణం కోసం చేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తుంది. దుకాణంలో మొదట "ఏసీఈ ఓఎల్ఈడీబీ 12.0 ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్" అని వచ్చింది. ఎలాగో అది పోయాక, ఇప్పుడు బిల్లు సేవ్ చేస్తే "యాక్సెస్ టు ద పాత్ ఈజ్ డినైడ్" అంటోంది.
– నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మొదటిది యాక్సెస్ డేటాబేస్ డ్రైవర్‌కు సంబంధించినది. ఆ డ్రైవర్ లేకపోయినా ఈ మెసేజ్ వస్తుంది, ఉన్నా మీ ప్రోగ్రాం 64 బిట్‌గా నడుస్తూ డ్రైవర్ 32 బిట్‌ది అయితే అప్పుడూ వస్తుంది. 32 బిట్ ఆఫీస్ ఉన్న కంప్యూటర్లలో జరిగేది రెండోదే. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో ప్లాట్‌ఫామ్ టార్గెట్‌ను ఎక్స్86కు, అంటే 32 బిట్‌కు, మార్చి బిల్డ్ చేస్తే రెండూ కలుస్తాయి. ఎలాగో పోయింది అన్నారు. ఎలా పోయిందో తెలుసుకుని రాసిపెట్టుకోండి, రెండో దుకాణంలో ఇది మళ్లీ ఎదురవుతుంది.

రెండోదానికి కారణం మీ డేటా ఫైల్ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉండడం. విస్టా కాలం నుంచి సాధారణ హక్కులతో నడిచే ప్రోగ్రాములు ఆ ఫోల్డర్‌లో రాయలేవు. మీ ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ ఫోల్డర్ నుంచే నడుపుతున్నారు కనుక అక్కడ ఈ అడ్డు రాలేదు. "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టి దాటేయవద్దు. రోజంతా బిల్లులు కొట్టే గుమాస్తా చేతికి కంప్యూటర్ పూర్తి హక్కులు ఇచ్చినట్టవుతుంది. ఒక్క యూజర్‌కు సంబంధించిన డేటాను యాప్‌డేటాలో, అందరూ పంచుకునేదాన్ని ప్రోగ్రామ్‌డేటాలో ఇన్‌స్టాల్ సమయంలో తగిన హక్కులిచ్చిన ఫోల్డర్‌లో పెట్టండి. ఆ ఫోల్డర్ల చిరునామాను కోడ్‌లో అక్షరాలా రాయకుండా విండోస్‌నే అడిగి తీసుకోండి. ఇచ్చే ముందు పరీక్షించడానికి విండోస్ ప్రో ఎడిషన్లలో శాండ్‌బాక్స్ (విడిగా తెరుచుకునే ఖాళీ విండోస్) ఉంటుంది. అందులో మీ టూల్స్ ఏవీ ఉండవు కనుక దుకాణంలో ఎదురయ్యే చాలా ఇబ్బందులు ముందే బయటపడతాయి.

ప్రశ్న: బిల్లులో వస్తువుల ధరలు కూడితే ఒక్కోసారి పైసా తేడా వస్తోంది. రౌండ్ చేస్తే 2.50 రూపాయలు 3 కావలసింది 2 అవుతోంది. భాషలోనే తప్పుందా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: భాషలో తప్పు లేదు, ఎంచుకున్న డేటా టైపు డబ్బుకు తగినది కాదు. డబుల్ టైపు సంఖ్యలను ద్విసంఖ్యామానంలో దాస్తుంది. మూడోవంతును దశాంశంలో ఎంత పొడిగించినా పూర్తిగా రాయలేనట్టే పదోవంతును ద్విసంఖ్యామానంలో పూర్తిగా రాయలేం. అందుకే పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. సీ షార్ప్‌లో డెసిమల్ టైపు వాడండి. పైథాన్‌లోనూ డెసిమల్ ఉంది, కానీ దానికి విలువను కొటేషన్ల మధ్య ఇవ్వాలి, నేరుగా 0.1 ఇస్తే తప్పు దానితో పాటే లోపలికి వస్తుంది. మొత్తం లెక్కను పూర్ణాంక పైసల్లో చేసుకోవడం కూడా మంచి పద్ధతే.

రెండో సంగతి మరింత ముఖ్యం, ఎందుకంటే ఇందులో చట్టం ఉంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు పైథాన్ రౌండ్, సీ షార్ప్ మ్యాథ్ డాట్ రౌండ్ రెండూ దగ్గరి సరిసంఖ్యకు వెళతాయి: 2.5 అయితే 2, 3.5 అయితే 4. కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లోని 170వ సెక్షన్ ప్రకారం చెల్లించవలసిన పన్నులో 50 పైసలు, అంతకు పైన ఉంటే రూపాయికి పెంచాలి, తక్కువ ఉంటే వదిలేయాలి. మ్యాథ్ డాట్ రౌండ్‌కు మిడ్‌పాయింట్ రౌండింగ్ డాట్ అవే ఫ్రమ్ జీరో అని, పైథాన్ డెసిమల్‌కు రౌండ్ హాఫ్ అప్ అని స్పష్టంగా చెప్పండి.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో టర్బో సీలో రెండు జీతాలు, 20000కు 20000 కూడితే మైనస్ 25536 వచ్చింది. అదే ప్రోగ్రాం ఇంట్లో కొత్త కంపైలర్‌లో పెడితే సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ దొరకడం లేదని కంపైల్ కాలేదు. దాన్ని తీసేస్తే 40000 సరిగానే వచ్చింది.
– పాలిటెక్నిక్ విద్యార్థి, కడప

సమాధానం: టర్బో సీ డాస్ కాలపు 16 బిట్ కంపైలర్. అందులో ఇంట్ టైపు 32767 వరకే పడుతుంది. అది దాటగానే విలువ 65536 తగ్గి రుణాత్మకం అవుతుంది. 40000 నుంచి 65536 తీసేసి చూడండి, మీ జవాబే వస్తుంది. ల్యాబ్‌లో లాంగ్ వాడి, ప్రింట్ఎఫ్‌లో పర్సెంట్ ఎల్డీ రాయండి. ఇంట్లోని కంపైలర్‌లో ఇంట్ 32 బిట్లు కనుక ఇబ్బంది రాలేదు. తెరను తుడిచే సీఎల్ఆర్‌ఎస్‌సీఆర్ సీ భాషలో భాగం కాదు, టర్బో సీ సొంతంగా ఇచ్చినది. పరీక్ష కోసం ల్యాబ్ పద్ధతి నేర్చుకోక తప్పదు, కానీ సొంత ప్రాజెక్టును కొత్త కంపైలర్‌లోనే రాయండి, దాని వార్నింగులన్నీ ఆన్ చేసుకోండి.

ప్రశ్న: టీకింటర్‌లో ఫంక్షన్ లోపల లేబుల్‌కు బొమ్మ పెడితే ఎర్రర్ ఏమీ లేకుండా ఖాళీగా కనిపిస్తోంది. అదే కోడ్ ఫంక్షన్ బయట రాస్తే బొమ్మ వస్తోంది.
– కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: ఫంక్షన్ ముగియగానే దాని లోపలి వేరియబుల్ పోతుంది, దానితో పాటు ఫోటోఇమేజ్ ఆబ్జెక్ట్‌ను కూడా పైథాన్ చెత్తగా భావించి తీసేస్తుంది, లేబుల్ దాన్ని పట్టుకుని ఉంచదు. ఫంక్షన్ చివర లేబుల్ డాట్ ఇమేజ్‌కు ఆ ఫోటో వేరియబుల్‌ను ఇచ్చే ఒక్క వరుస చేర్చండి. బొమ్మ నిలుస్తుంది.